నాలుగో బోర్డు

నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పనిచేసే ఆవిడను ఆఫీసులో అందరూ పక్షి అనేవారు. అసలు బిరుదు అనుమానప్పక్షి. అంత పొడుగు పిలవడం కష్టమని ముందు సగం కోసేశారు. ఊళ్లోని కుళాయిల నుంచీ ట్యాంకుల నుంచీ వచ్చిన నీటి సీసాలను వరసగా పెట్టుకుని, వాటిలో ఏముందో తేల్చడం ఆమె పని. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే, "కంటికి కనిపించేదే నిజమైతే నాకు జీతమెందుకు?" అనేది. పదమూడేళ్లు ఈ పని చేస్తే ఎవరికైనా ఈ గుణం అబ్బుతుందని ఆమె సమర్థించుకునేది గానీ, ఆమె అక్క ఒప్పుకునేది కాదు. "ఉద్యోగంతో వచ్చిన జబ్బు కాదిది. రెండేళ్లప్పుడే బిస్కెట్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసుకుని తినేది" అనేది.

ఆమెకు చదరంగం నేర్పింది ఆ అక్కే. అక్క భర్త అదే శాఖలో పంపుహౌసు ఇంజనీరు. చదరంగం జట్టుకు కెప్టెన్ కూడా.

ఆఫీసుల జట్ల మధ్య ఏటా జరిగే పోటీ ఏడు ఆదివారాలు సాగుతుంది. జట్టుకు నలుగురు. నాలుగో బోర్డు మీద ఆడవాళ్లే ఆడాలని మూడేళ్ల కింద నియమం పెట్టారు. చాలా జట్లకు అలా ఆడేవాళ్లు దొరకరు, దొరికినా ఆదివారం వాళ్లకు ఇంట్లో తెమలదు. అలాంటప్పుడు ఎదుటి జట్టు మహిళకు ఆడకుండానే పాయింటు వచ్చేస్తుంది. నాలుగో బోర్డు అంటే జట్లన్నిటికీ లెక్క సరిపెట్టుకునే చోటు, అంతే. బావ కూడా మరదలిని జట్టులోకి తీసుకున్నప్పుడు, "నువ్వొచ్చి కూర్చుంటే చాలు" అన్నాడు.

ఆ ఏడు చివరి ఆదివారం నాటికి నీటి సరఫరా జట్టు మొదటి స్థానంలో ఉంది. బస్సు డిపో జట్టు రెండో స్థానంలో ఉంది. చివరి ఆట ఆ రెండు జట్లకే పడింది. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లు వచ్చే ఏడు పై తరగతికి వెళ్తారు. రెండు–రెండుతో సమానమైతే ఇద్దరూ వెళ్తారు. ఎవరు ఓడినా మూడో స్థానంలో కాచుకుని ఉన్న టీచర్ల జట్టు వాళ్లను తోసేసి పైకి వస్తుంది.

ఆ ఉదయం పక్షి అరగంట ముందే క్రీడాభవనానికి చేరింది. ఆట జరిగేది రెండో అంతస్తులో. మామూలు రోజుల్లో బ్యాడ్మింటన్ ఆడే హాల్లోనే బల్లలు వేసి ఆకుపచ్చ గుడ్డలు పరిచారు. మెట్ల మలుపు దగ్గర బావా, డిపో కెప్టెనూ తలలు దగ్గర పెట్టుకుని చెవులు కొరుక్కుంటున్నారు. ఆమె చెప్పుల చప్పుడు వినగానే మాట ఆపేశారు. డిపో కెప్టెన్ గబుక్కున కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. ఆ కిటికీకి అద్దం పగిలిపోయి అట్టముక్క కొట్టి ఉంది.

"వచ్చేశావా? టీ తాగుతావా?" అన్నాడు బావ.

పక్షి మెట్టు మీదే ఆగిపోయింది. అక్క పెళ్లయి పదకొండేళ్లు. బావ తనంతట తాను ఎవరికైనా టీ ఇప్పించిన దాఖలా లేదు.

"ఏమైంది బావా?"

"ఏమవుతుంది? టీ తాగుతావా అనడం కూడా తప్పేనా?"

"తప్పనలేదు. ఎందుకూ అంటున్నాను."

"అదిగో, మొదలుపెట్టావా!" అని కిందికి వెళ్లి నిజంగానే టీ తెచ్చాడు. ఆమె వాసన చూసి తాగింది. టీలో ఏ లోపమూ లేదు. చక్కెర కూడా ఆమెకు కావలసినంతే ఉంది. ఆమెకు ఎంత కావాలో ఆయనకు ఇన్నాళ్లకు ఎలా గుర్తొచ్చిందన్నది ఇంకో అనుమానం.

"చూడు, ఇవాళ సాహసాలేమీ వద్దు. చేతికి అందింది తీసుకుని లేచి రా" అన్నాడాయన.

"ఏం అందబోతోంది?"

"అబ్బబ్బా, మాటవరసకన్నాను తల్లీ!"

ఆట మొదలైంది. పక్షికి ఎదురుగా కూర్చున్నావిడ డిపోలో ఇంజన్లు విప్పే మెకానిక్. నలభై దాటి ఉంటాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. ఎంత తోమినా పోని నల్లటి గీత ప్రతి గోరు అంచునా ఉంది. బొటనవేలికి ప్లాస్టరు. తెల్లపావులు ఆవిడవి. ఒక్కో ఎత్తు వేశాక, పావు గడి మధ్యలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి, వేలితో కాస్త సర్ది, అప్పుడు గడియారం నొక్కుతోంది. ప్రతి ఎత్తునూ పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుంటోంది. తొందరేమీ లేదు. మనిషి చూపు బోర్డు మీంచి లేవడం లేదు.

ఇరవై అయిదు నిమిషాలయ్యేసరికి పక్క మూడు బల్లల దగ్గరా కుర్చీలు వెనక్కి జరిగాయి. మొదటి బోర్డు మీద బావా డిపో కెప్టెనూ చేతులు కలిపి డ్రా అన్నారు. రెండో బోర్డూ డ్రా. మూడోదీ డ్రా. ముగ్గురికి ముగ్గురూ మొహాల మీద ఒకే రకం నవ్వుతో లేచారు. కిందటి వారం ఇదే మూడో బోర్డు కుర్రాడు డ్రా అడిగినవాడితో, నేను డ్రాలు ఆడటానికి రాలేదని గొడవపడి మాస్టారి చేత చీవాట్లు తిన్నాడు. ఆ సంగతి పక్షికి గుర్తుంది. పోటీ నడిపించేది రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన మూడు బల్లల ఫలితాలూ రాసుకుని, కళ్లజోడు పైనుంచి ఓసారి అందరినీ చూసి వెళ్లిపోయాడు.

ఒకటిన్నర – ఒకటిన్నర. ఇక మిగిలింది నాలుగో బోర్డు. అందరూ వచ్చి ఆ బల్ల చుట్టూ చేరారు.

ఆట గురించి కెప్టెన్ ఏమీ చెప్పకూడదు గానీ, డ్రా అడగమనో తీసుకోమనో చెప్పవచ్చు. బావ ఆమె భుజం దగ్గరికి వంగి, "డ్రా అడుగు" అన్నాడు.

ఆమె తల తిప్పి ఆయన మొహం చూసింది. నుదుటి మీద చెమట లేదు. గాభరా లేదు. అవతలివాళ్లు ఒప్పుకుంటారో లేదో అన్న సందేహమే లేదు. అంగట్లో ముందే డబ్బు కట్టేసిన సరుకు తెచ్చుకోమని పంపుతున్నట్టుంది. సరే, జట్టుకు కావలసింది డ్రాయే కదా అనుకుని, మెకానిక్ వైపు చూసి, "డ్రా?" అంది.

మెకానిక్ మొదటిసారి బోర్డు మీంచి తలెత్తింది. వెనకాల నిలబడ్డ డిపో కెప్టెన్ అప్పటికే తల ఊపుతున్నాడు. ఆవిడ అతన్ని చూసింది. పక్షిని చూసింది.

"లేదండీ, ఆడదాం" అని గుర్రాన్ని ముందుకు జరిపి, సర్ది, గడియారం నొక్కింది.

బావ మొహంలో రక్తం లేదు. డిపో కెప్టెన్ తెల్లమొహం వేశాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపును పక్షి పట్టేసింది. ఓహో, మెట్ల మీద చెవులు కొరుక్కున్నది ఇదన్నమాట. నాలుగు బోర్డులూ డ్రా చేసుకుని ఇద్దరమూ పైకి పోదామని. తనకు మాత్రం చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు కూడా. వచ్చి కూర్చుంటే చాలు కదా.

ఆ కోపం చల్లారకముందే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. మొదటి మూడు బోర్డుల్లో తమవాళ్లే గట్టివాళ్లు. నిజంగా ఆడి ఉంటే డిపోవాళ్లు కనీసం రెండు ఓడేవారు. ఒప్పందం పేరుతో ఆ మూడూ క్షేమంగా డ్రా చేయించుకుని, తమ దగ్గరున్న ఒక్క మంచి మనిషితో నాలుగో బోర్డు గెలిచేస్తే? పై తరగతికి వాళ్లు వెళ్తారు. బావ నోరెత్తి ఫిర్యాదు కూడా చేయలేడు, ఏమని చేస్తాడు? డిపో కెప్టెన్ తెల్లమొహం నిజమా, నటనా? ఆమె అతన్ని పరీక్షగా చూసింది. అతను గుటకలు మింగుతున్నాడు. బాగా నటించేవాళ్లు కూడా గుటకలు మింగుతారు.

మెకానిక్ లేచి బయటికి వెళ్లింది. అయిదు నిమిషాలకు వచ్చి ఒక ఎత్తు వేసింది. పక్షి జవాబు వేయగానే మళ్లీ లేచింది. మళ్లీ వచ్చింది. మంచి ఎత్తు వేసింది. చాలా మంచి ఎత్తు. ఇంకో నాలుగు ఎత్తుల తర్వాత మూడోసారి లేచింది. ఫోన్లన్నీ మాస్టారి బుట్టలో ఉన్న మాట నిజమే. కానీ ఒక మనిషికి ఒకటే ఫోను ఉండాలని ఎక్కడుంది? పక్షి తన గడియారం నడుస్తున్నా లెక్కచేయకుండా వెనకాలే వెళ్లింది.

వరండా చివర వాష్‌బేసిన్ దగ్గర మెకానిక్ వంగి దోసిళ్లతో మొహాన నీళ్లు కొట్టుకుంటోంది. పక్షి ఆవిడ చేతులు చూసింది, చొక్కా జేబులు చూసింది, బేసిన్ కింద చూసింది.

"ఫోన్ కోసం వచ్చారు కదా?" అంది మెకానిక్, అద్దంలోంచే.

పక్షి బేసిన్ కింద నుంచి చూపు తిప్పుకుంది.

ఆవిడ తడిచేతులతోనే జేబులు రెండూ బయటికి లాగి చూపించింది. ఒక రుమాలు, బస్సు పాసు, ఒక చిన్న నట్టు.

"ఈ నట్టు ఏంటి?"

"ఏమోనండీ. పని దిగేసరికి జేబులో ఏదో ఒకటి ఉంటుంది. ఇది ఏ బండిదో, ఆ బండి ఇప్పుడు ఏ రోడ్డు మీదుందో!" అని నవ్వింది. "రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను. కళ్లు మూసుకుపోతున్నాయి. నీళ్లు కొట్టుకోకపోతే బోర్డు మీదే పడుకుంటాను."

"డ్రా ఎందుకు వద్దన్నారు?"

"మీరెందుకు అడిగారు?"

"మా కెప్టెన్ అడగమన్నాడు."

"తీసుకోమని మా కెప్టెన్ నిన్ననే ఫోన్ చేశాడు. నాలుగు బోర్డులూ డ్రా అని మాట్లాడుకున్నారట. మీకు తెలీదా?"

"నాకెవరూ చెప్పలేదు."

"నాకు చెప్పారు. కానీ అడగలేదు." మెకానిక్ రుమాలుతో మొహం తుడుచుకుంది. "ఏడు ఆదివారాలండీ. ఏడింటికీ డ్యూటీలు మార్చుకున్నాను. వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ పట్టుకున్నాను. నాలుగుసార్లు వచ్చి చూస్తే ఎదురుగా ఖాళీ కుర్చీ. అవతల మనిషి వస్తుందేమోనని గంటసేపు ఆ కుర్చీని చూస్తూ కూర్చోవాలి కదా, కూర్చున్నాను. ఆ తర్వాత నువ్వు గెలిచావమ్మా అని పంపించేశారు. ఏం గెలిచాను? నిజంగా ఆడింది రెండే ఆటలు. ఇది మూడోది. దీన్ని కూడా పన్నెండు ఎత్తులకే చుట్టేసి ఇంటికి పొమ్మంటే నా వల్ల కాదు."

"ఓడితే మీ జట్టూ పోతుంది కదా?"

"గెలిస్తే పోదు కదండీ" అని ఆవిడ హాల్లోకి వెళ్లిపోయింది.

పక్షి వెనక్కి తిరిగేసరికి వరండా ఆ చివర బావ నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ టీ కప్పు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు.

హాలు గుమ్మం పక్కన గోడకు ఆరు వారాల ఫలితాలు అతికించి ఉన్నాయి. పక్షి అక్కడ ఆగింది. చక్కని కథ చెప్పింది సరే, నిజమో కాదో చూసుకోవద్దా? డిపో, నాలుగో బోర్డు. వేలుతో వరస వెంట పోయింది. ఆడకుండా వచ్చిన పాయింటుకు మాస్టారు కూడిక గుర్తు వేస్తారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ ఉన్నాయి. అలవాటు కొద్దీ ఆమె వేలు తన వరసకు కూడా వెళ్లింది. అక్కడ మూడు కూడికలు. ఆ మూడు ఆదివారాలూ తనకు గుర్తున్నాయి. ఎదుటి మనిషి రాలేదని తెలియగానే బతుకు జీవుడా అనుకుని ఇంటికి పోయి దుప్పట్లు ఉతుక్కుంది.

కాగితం అబద్ధం చెప్పలేదు. అంతమాత్రాన మనిషి నిజం చెప్పినట్టేనా? నాలుగు ఖాళీ కుర్చీలు నిజమే కావచ్చు, ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని తన మనసు మెత్తబరచడానికి చెప్పిందేమో. అలా అనుకుంటూనే వచ్చి కూర్చుంది. కానీ ఆ తర్వాత ఆమె ఆడిన తీరు మారింది. అప్పటిదాకా బావ కోసం కూర్చుంది. ఇప్పుడు ఈ మనిషి మీద గెలవాలనిపించింది.

గంటన్నర పాటు ఇద్దరూ తలెత్తలేదు. పక్షి మంత్రిని ఎదుటి రాజు దగ్గరికి తోలింది. మెకానిక్ బంట్లను అడ్డం నిలబెట్టింది. ఒకరు మెలిపెడితే ఒకరు విప్పుకున్నారు. చుట్టూ చేరినవాళ్లలో గుసగుసలు ఆగిపోయాయి. మూడో బోర్డు కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఇరవై ఏడో ఎత్తుకు మెకానిక్ గుర్రాన్ని తీసి బోర్డు మధ్యలో పెట్టింది. గడి మధ్యకు సర్ది, గడియారం నొక్కింది.

పక్షి చూసింది. మళ్లీ చూసింది. ఆ గుర్రానికి కాపలా లేదు. తన ఏనుగు సూటిగా వెళ్లి దాన్ని ఊరికే తీసేసుకోవచ్చు.

ఊరికే ఎవరు ఇస్తారు? ఏనుగు అక్కడికి పోతే వెనక వరస ఖాళీ అవుతుంది. ఆవిడ మంత్రి అటువైపు దూరుతుందా? దూరదు, దారిలో బంటు ఉంది. బంటు ముందుకొచ్చి చెక్ చెబుతుందా? చెప్పినా ఏమీ కాదు. అయిదు నిమిషాలు వెతికింది. పది నిమిషాలు వెతికింది. ఎక్కడా ఉచ్చు లేదు. ఉచ్చు కనిపించకపోవడమే ఆమెను భయపెట్టింది. ఇంతసేపు ఇంత గట్టిగా ఆడిన మనిషి, ఆడటం కోసం ఏడు డ్యూటీలు మార్చుకున్న మనిషి, గుర్రాన్ని ఇలా నడివీధిలో వదిలేస్తుందా? లేక వాళ్ల కెప్టెన్ మీది కోపంతో కావాలనే ఓడిపోదామని చూస్తోందా? అలాగైతే తీసుకోవడానికి తనకు సిగ్గనిపిస్తుంది. ఉచ్చయితే తీసుకోవడమే చావు. ఆమె ఎదుటి మొహం చూసింది. మెకానిక్ రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టి కదలకుండా కూర్చుంది. ఆ చేతులు అంత బిగుసుకుని ఎందుకున్నాయి?

పంతొమ్మిది నిమిషాలు పోయినా పక్షి గుర్రాన్ని తీసుకోలేదు. రాజును ఒక గడి మూలకు జరిపి క్షేమమనుకుంది.

వెనక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అది బావే.

మెకానిక్ గుర్రాన్ని నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. అక్కడి నుంచి ఆట పక్షి చేయి జారిపోయింది. గడియారంలో ఆమెకు ఏడు నిమిషాలే మిగిలాయి. ఆ హడావుడిలో ఒక బంటు పోయింది, తర్వాత ఇంకోటి. యాభై రెండో ఎత్తుకు ఎదుటి బంటు చివరి గడికి చేరి మంత్రి కాబోతుంటే, పక్షి గడియారం ఆపి చేయి చాచింది. మెకానిక్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ గుర్రాన్ని ఎందుకు వదిలేశారండీ? చెయ్యి తీశాక చూసుకున్నాను. గుండె ఆగినంత పనయింది" అంది.

"ఎర అనుకున్నాను."

"ఎరా! నిద్రమత్తులో చూడనే లేదు!" మెకానిక్ పకపకా నవ్వింది. ఆపుకోలేక పక్షి కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో తలెత్తితే బావ కనిపించాడు. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ చూపు పక్షికి బాగా తెలుసు. ప్రతిరోజూ నీటి సీసాలను తాను చూసే చూపు అది.

డిపో జట్టు పైకి వెళ్లింది. గెలిచిన డిపో కెప్టెన్ శవం లేచిన ఇంట్లోవాడిలా తిరుగుతున్నాడు. బావ దగ్గరికి వచ్చి, "మా పిల్లల మీద ఒట్టు, ఆవిడ నా మాట వినలేదు" అని గొణిగాడు. బావ మొహం తిప్పేసుకున్నాడు.

స్కూటరు మీద అక్క ఇంటికి వచ్చేదాకా బావ ఓపిక పట్టాడు. గుమ్మంలో చెప్పులు విడవగానే బద్దలయ్యాడు.

"నీ చెల్లెలు ఏం చేసిందో అడుగు! ఆవిడతో కుమ్మక్కయి ఆట అప్పగించేసి వచ్చింది!"

అక్క వరండాలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చెల్లెలి వైపు చూసింది.

"నేను అప్పగించలేదక్కా."

"వరండాలో ఇద్దరూ గుసగుసలాడటం నా కళ్లతో చూశాను. వచ్చి కూర్చున్నాక గుర్రం ఊరికే వస్తుంటే వదిలేసింది. చిన్నపిల్లాడికి కూడా కనిపించే గుర్రం! ఇరవై నిమిషాలు దాన్ని చూసి చూసి వదిలేసింది. ఓడిపోయాక ఇద్దరూ పకపకలు! ఇంకేం కావాలి?"

పక్షి జవాబు చెప్పబోయి ఆగింది. చెప్పడానికి ఏముంది? వరండాలో మాట్లాడింది నిజం. గుర్రం వదిలింది నిజం. నవ్వింది నిజం. ఇవే సీసాలు వేరెవరివో తన బల్ల మీదికి వచ్చి ఉంటే తాను కూడా ఇదే రాసి సంతకం పెట్టేది.

"మాట్లాడుకున్నది మీరు చేసుకున్న ఒప్పందం గురించే బావా. నాకు చెప్పి ఉంటే..."

"ఒప్పందమా? ఏ ఒప్పందం?" బావ నీళ్లు నమిలాడు.

"ఆట రాసిన కాగితం ఉందా?" అంది అక్క.

పక్షి సంచిలోంచి తీసి ఇచ్చింది. అక్క ఇస్త్రీ బట్టలు ఒక పక్కకు నెట్టి, అటక మీంచి పాత చదరంగం పెట్టె దింపించింది. దాని మీది దుమ్ము దులిపి పావులు పేర్చింది. ఒక తెల్ల ఏనుగు లేకపోతే దాని చోట సీసా మూత పెట్టింది. నిలబడే, ఒక చేత్తో కాగితం పట్టుకుని ఇంకో చేత్తో పావులు జరుపుతూ పోయింది. పెళ్లయ్యాక ఆమె ఆ పెట్టె ముట్టుకోవడం ఇదే మొదలు. అయినా ఆ చేయి ఎక్కడా తడబడలేదు. ఇరవై ఏడో ఎత్తు దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది.

"ఏమనుకున్నావు ఇక్కడ?"

"ఉచ్చు ఉందనుకున్నాను. వెతికితే కనిపించలేదు. కనిపించలేదంటే పెద్దదే ఉందనుకున్నాను."

అక్క నవ్వలేదు. మిగతా ఎత్తులన్నీ కూడా ఆడించి, కాగితం మడిచి చెల్లెలి చేతికిచ్చింది.

"అమ్ముకున్న ఆట ఇలా ఉండదండీ" అంది భర్తతో. "గుర్రాన్ని వదిలేశాక ఇంకో ఇరవై అయిదు ఎత్తులు ఎవరు గింజుకుంటారు? ఓడిపోదామనుకున్న మనిషికి ఈ బంటు కోసం ఇంత పోట్లాట దేనికి? ఇది అచ్చంగా దీని ఆటే. నేను దీనితో పదేళ్లు ఆడాను. పావు ఊరికే ఇస్తే ఎప్పుడైనా తీసుకుందా? అందుకే ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని."

"నువ్వు దాన్నే వెనకేసుకొస్తావులే."

"సరే. మీ కాగితం కూడా ఇవ్వండి. అదీ చూద్దాం."

"నాదెందుకు?"

"మీరూ ఆడారు కదా ఇవాళ? జేబులోనే ఉంటుంది."

బావ జేబు మీద చేయి వేసుకున్నాడు. అక్క చాచిన చేయి అలాగే చాచి ఉంచింది. చివరికి ఆయన కాగితం తీసిచ్చి, కుర్చీలో కూర్చుని గోడ గడియారం వైపు చూడసాగాడు. అక్క పావులు మళ్లీ పేర్చింది. పదకొండు ఎత్తులు నిమిషంలో అయిపోయాయి. తొమ్మిదో ఎత్తు దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్లింది.

"ఇక్కడ మీకు బంటు ఊరికే వస్తోంది. ఎందుకు తీసుకోలేదు?"

బావ గోడ గడియారం మీంచి చూపు తిప్పలేదు.

"మీ మూడో బోర్డు కుర్రాడి కాగితం కూడా తెప్పించమంటారా?"

"చాల్లే, ఇక ఆపు" అన్నాడు బావ. గొంతులో ఇందాకటి వేడి లేదు. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అక్క ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుని, అది చల్లారిపోయిందని మళ్లీ వేడికి పెట్టింది.

అక్కతో తేలిపోయింది గానీ ఆఫీసులో తేలలేదు. సోమవారం మధ్యాహ్నానికి పక్షి అమ్ముడుపోయిందన్న మాట పంపుహౌసు దాకా పాకింది. ఆమె మొదట ఇద్దరికి జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పేకొద్దీ వాళ్ల కళ్లు చిన్నవయ్యాయి. మూడోవాడు అడిగినప్పుడు ఇక ఏమీ చెప్పకుండా సీసా మూత బిగించుకుంది. ఆ రోజుల్లో ఆమె ఒక్క పని మాత్రం చేసింది. పాత రిపోర్టులు తిరగేసి, సీసాలు సరిగా కడగలేదని అనుమానంతో తాను మూడుసార్లు పై అధికారికి ఫిర్యాదు రాసిన సహాయకురాలి దగ్గరికి వెళ్లి, "అప్పుడు నువ్వు చెప్పింది నేను వినలేదు" అంది. ఆ అమ్మాయి దీని వెనకాల ఏముందోనని వారం రోజులు భయపడింది.

మరుసటి ఏడు పై తరగతి పోటీలు మొదలయ్యాయి. అక్కడ నాలుగో బోర్డు కుర్చీలు ఖాళీగా ఉండవు. ఖాళీగా ఉంచిన జట్టుకు రెండు పాయింట్లు కోత. మెకానిక్‌ను తీసేయాలని డిపో కెప్టెన్‌కు ఉన్నా ఇంకో మనిషి దొరకలేదు. మొదటి మూడు ఆదివారాలూ ఆవిడ చిత్తుగా ఓడిపోయిందని, అయినా చెంపలు నొప్పి పుట్టేలా నవ్వుతోందని, మూడో బోర్డు కుర్రాడు వచ్చి చెప్పాడు.

నాలుగో ఆదివారం ఉదయం పక్షి తయారై అక్క ఇంటి ముందుగా వెళ్తుంటే బావ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎక్కడికి?"

"డిపోవాళ్ల ఆట చూడ్డానికి."

"మనకేం పని అక్కడ?" ఆయన కళ్లు మళ్లీ చిన్నవయ్యాయి. "అయితే నేనన్నది నిజమేగా? మీ ఇద్దరికీ ముందు నుంచే..."

"ఏమో బావా, కావాలంటే మీరూ వచ్చి చూసుకోండి."

లోపలి నుంచి అక్క వచ్చింది. తల దువ్వుకుని, చేతిసంచి భుజానికి తగిలించుకుని ఉంది. "నేనూ వెళ్తున్నానండీ. గుర్రాన్ని అలా వదిలేసి కూడా గెలిచిన మనిషిని ఓసారి చూడాలి" అంటూ వంగి చెప్పులు తొడుక్కుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ వీధి మలుపు తిరిగేదాకా బావ గుమ్మంలోంచి కదలలేదు.